ఏడు శిఖరాలు, 172 రోజులు: పర్వతారోహణలో వేగ రికార్డు – కాలగణన స్వరూపం

వ్యాససంగ్రహం

తక్కువ కాలంలో ఎక్కువ శిఖరాలను చేరి రికార్డు నెలకొల్పే ప్రయత్నాలలో కాలాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగిస్తారన్నది మౌలికమైన ప్రశ్న. ఒకే రోజులో అనేక శిఖరాలను చుట్టివచ్చే పరుగులకూ, నెలల తరబడి ఖండాంతరాలలో సాగే ఆరోహణలకూ ఈ ప్రశ్న సమానంగా వర్తిస్తుంది. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజులలో చేరిన నెల్లూరు జిల్లావాసి మల్లి మస్తాన్‌బాబు యాత్రను ఆధారం చేసుకొని, వేగ రికార్డు అనే భావనను, అందులోని కాలగణనను, దానిని తెలుగులో చెప్పడానికి వాడుతున్న మాటలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పర్వతారోహణ, వేగ రికార్డు, మల్లి మస్తాన్‌బాబు, సప్తశిఖరాలు, కాలగణన, గిరిప్రదక్షిణ, తెలుగు పదజాలం.

1. ప్రవేశిక

కొవ్వూరు గోదావరి కుడిగట్టున ఉన్న పట్టణం. పాపికొండల నడుమ ఇరుకుగా, లోతుగా సాగిన నది పోలవరం దాటిన తరువాత కొండలను విడిచి వెడల్పవుతుంది. కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య దానిని దాటేందుకు 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన నాలుగు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. కొద్ది దిగువన విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువ మొదలవుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా నేల చదునే. ఇక్కడి వ్యవహారంలో భూమిని ‘మెట్ట’, ‘పల్లం’, ‘లంక’ అని విభజిస్తారు. కొండలున్న ఎగువ ప్రాంతానికి బ్రిటిష్ పాలననాటి ‘ఏజెన్సీ’ అన్న పేరే నిలిచిపోయింది. కొండ అనేది ఈ ప్రాంత జీవనంలో ఎగువన ఉండేది, నీటిని పంపేది, ఎక్కేది కాదు.

పర్వతారోహణ చరిత్రలో తెలుగువారి పేరును నిలిపిన వ్యక్తి కూడా ఇటువంటి నేల నుంచే రావడం గమనించదగిన విషయం. మల్లి మస్తాన్‌బాబు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘం గ్రామంలో ఒక గిరిజన కుటుంబంలో జన్మించారు. ‘గిరిజన’ శబ్దంలో గిరి ఉన్నా, ఆ మండలం పెన్నా తీరపు మైదానం. గోదావరికి ధవళేశ్వరం ఎటువంటిదో పెన్నాకు సంగం అటువంటిది. ఏటి నీరు కాలువలలోకి మళ్లే చోటు. ఒక సాంఘిక వర్గానికి పాలనాపరంగా స్థిరపడిన పేరుకూ, ఆ వర్గంలోని ఒక వ్యక్తి పుట్టిపెరిగిన నేలకూ మధ్య ఉన్న ఈ ఎడం అతని జీవితకథను చెప్పేటప్పుడు తరచు మరుగున పడుతుంది. గిరిజనుడు కనుక కొండలెక్కడం సహజంగా అబ్బిందన్న భావన పాఠకునిలో కలగడానికి ఆస్కారం ఉంది. వాస్తవంలో ఆయన కొండలను నేర్చుకున్నారు. అది పాఠశాలలో మొదలైన అభ్యాసం.

2. కొండను చెప్పే మాటలు

తెలుగులో ఎత్తైన నేలను చెప్పే మాటలకు కొదవ లేదు. కొండ, గుట్ట, తిప్ప, దిబ్బ, మల, గట్టు అన్నవి ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పరిమాణాన్ని సూచిస్తాయి. ‘మల’ నేడు విడిగా వినిపించకపోయినా తిరుమల, నల్లమల వంటి స్థలనామాలలో సజీవంగా ఉంది. ‘గట్టు’ మరింత ఆసక్తికరమైనది. తెలంగాణ వ్యవహారంలో గట్టంటే గుట్ట లేదా కొండ. కొవ్వూరు పరిసరాలలో గట్టంటే ఏటిగట్టు, కాలువగట్టు, చేనిగట్టు. కొండలు లేని చోట అదే మాట వరదను ఆపే మట్టికట్టకు స్థిరపడింది.

శిఖరం సంస్కృతపదం. సామాన్య వ్యవహారంలో అది ఆలయ గోపురానికో విమానానికో చెందినది. శ్రీశైల శిఖరాన్ని చూసినంతనే పునర్జన్మ ఉండదన్న విశ్వాసం ప్రసిద్ధం. శిఖరేశ్వరం వద్ద ఆగి, నందికొమ్ముల నడుమ నుంచి ఆలయశిఖరాన్ని చూసే ఆచారం ఇప్పటికీ కొనసాగుతోంది. ఈ సంప్రదాయంలో శిఖరం దర్శనానికి సంబంధించినది. దానిపై నిలబడాలన్న ఊహకు అక్కడ తావు లేదు. కొండ ఎక్కడం ఉన్నచోట కూడా గమ్యం కొండ కొన కాదు, కొండమీది దేవుడు. తిరుమలకు నడిచి వెళ్లే భక్తుడు శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనే ఏడు కొండలను ఒక్క పూటలో దాటుతాడని చెప్పుకొంటారు; ఏ కొండ ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో అడిగితే చెప్పగలవారు అరుదు. ఏడు కొండలను లెక్కించడమూ, ఏడు శిఖరాలను లెక్కించడమూ ఒకటి కావు.

ఆధునిక పర్వతారోహణ వార్తలతో తెలుగు పత్రికలలోకి ‘అధిరోహించు’ అన్న క్రియ విరివిగా వచ్చింది. ‘ఎవరెస్టును అధిరోహించారు’ అన్న వాక్యం ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. అయితే సింహాసనాన్ని, రథాన్ని అధిరోహించేవాడు అక్కడ కూర్చుంటాడు. శిఖరాన్ని చేరినవాడు నిమిషాలలో వెనుదిరగాలి. వాడుకభాషలోని ‘కొండెక్కి దిగాడు’ అన్న జంటక్రియలో ఉన్న రెండవ సగం ‘అధిరోహణ’లో లేదు. ఇది కేవలం శబ్దచర్చ కాదు. ఎవరెస్టుపై 1921 నుంచి 2006 వరకు సంభవించిన మరణాలను పరిశీలించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అధ్యయనం, 8,000 మీటర్లకు పైన మరణించిన ఆరోహకులలో సగానికి పైగా శిఖరం చేరి దిగివస్తున్నప్పుడే మరణించినట్లు తేల్చింది. రికార్డుల కాలగణనలో దిగడాన్ని కలుపుతారా, లేదా అన్న ప్రశ్నకు ఇంతటి బరువు ఉంది.

3. ఒక్క రోజులో అనేక శిఖరాలు

ఒకే రోజులో పలు శిఖరాలను చుట్టివచ్చే సంప్రదాయానికి ప్రసిద్ధమైన ఉదాహరణ వాయవ్య ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. కెజిక్ పట్టణంలో అతిథిగృహం నడిపే బాబ్ గ్రాహమ్ 1932 జూన్‌లో 42 కొండలను 23 గంటల 39 నిమిషాలలో చుట్టి, బయలుదేరిన మూట్ హాల్ వద్దకే తిరిగి వచ్చారు. ఆ దారి సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 8,200 మీటర్లు. 1960లో అలన్ హీటన్ పూర్తిచేసే వరకు దానిని 24 గంటలలోపు మరెవ్వరూ చేయలేకపోయారు. 1982లో బిల్లీ బ్లాండ్ ఆ కాలాన్ని 13 గంటల 53 నిమిషాలకు తగ్గించారు. 36 సంవత్సరాల తరువాత, 2018లో, స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన కిలియన్ జోర్నెట్ 12 గంటల 52 నిమిషాలలోను, 2022లో అమెరికాకు చెందిన జాక్ కుంజ్లే 12 గంటల 23 నిమిషాలలోను ముగించారు.

ఈ అంకెల అర్థం తెలియడానికి ఒక పాత లెక్క ఉపకరిస్తుంది. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో కొండదారి నడకకు ఒక సూత్రం చెప్పారు. సమతలంపై మూడు మైళ్లకు, అనగా దాదాపు ఐదు కిలోమీటర్లకు, ఒక గంట. ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు, అనగా సుమారు 600 మీటర్లకు, అదనంగా మరొక గంట. అలిపిరి మెట్లదారికి దీనిని అన్వయించి చూడవచ్చు. దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు, తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. దూరానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఎత్తుకు గంటా పది నిమిషాలు. మొత్తం దాదాపు మూడు గంటలు. ఆగుతూ సాగే భక్తులకు మూడు నాలుగు గంటలు పడుతుందన్న వాడుకతో ఇది సరిపోతుంది. కొవ్వూరు నుంచి వంతెన మీదుగా రాజమహేంద్రవరం చేరే నడకకు రెండవ పద్దు లేనే లేదు. అదే సూత్రాన్ని గ్రాహమ్ దారికి అన్వయిస్తే 106 కిలోమీటర్ల దూరానికి 21 గంటలకు పైగా, 8,200 మీటర్ల ఎత్తుకు 13 గంటలకు పైగా, వెరసి సుమారు 35 గంటలు రావాలి. 24 గంటల గడువు దీనికన్న 11 గంటలు తక్కువ. 2022 నాటి కాలం మూడింట ఒక వంతుకు కొద్దిగా ఎక్కువ.

ఎత్తు విషయంలో ఒక అపోహను కూడా ఇక్కడే తొలగించుకోవచ్చు. లేక్ డిస్ట్రిక్ట్‌లోనే కాదు, మొత్తం ఇంగ్లండులోనే ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు మాత్రమే. తూర్పుకనుమలలో అత్యున్నతమని చెప్పే జిందగడ సుమారు 1,690 మీటర్లు. ఒక్క రోజు రికార్డుకు కావలసినది హిమాలయం కాదు. పక్కపక్కన ఉన్న కొండలు, వాటి మధ్య పదేపదే దిగి మళ్లీ ఎక్కే దారి, ఆ దారిని తరతరాలుగా నడిచి సరిచూసే జనం కావాలి. నూరు మీటర్ల గుట్ట ఒకటి ఉన్నా, దానిని 82 సార్లు ఎక్కితే గ్రాహమ్ దారి ఎత్తు వస్తుంది. ఆ పనిలో అడ్డు వచ్చేది శ్రమకన్న విసుగు.

వేల్స్‌లో మూడు వేల అడుగులు దాటిన కొండలను చుట్టే పరుగు మరొక పద్ధతిని పాటిస్తుంది. అక్కడ గడియారం మొదటి శిఖరంపై మొదలై చివరి శిఖరంపై ఆగుతుంది. మొదటి కొండ ఎక్కడానికి, చివరి కొండ దిగడానికి పట్టిన సమయం లెక్కలోకి రాదు. 1988లో కాలిన్ డానెలీ నెలకొల్పిన 4 గంటల 19 నిమిషాల కాలాన్ని 2019లో ఫిన్లే వైల్డ్ 4 గంటల 10 నిమిషాలకు తగ్గించారు. రెండు పద్ధతుల మధ్య తేడా స్పష్టం. గ్రాహమ్ దారిది ఊరి నుంచి ఊరికి లెక్క, వేల్స్‌ది శిఖరం నుంచి శిఖరానికి లెక్క. మొదటిదానిలో దిగడం రికార్డులో భాగం. రెండవదానిలో చివరి దిగుడు ఆరోహకుని సొంత వ్యవహారం.

తెలుగు పాఠకునికి మొదటి పద్ధతి సుపరిచితమే. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమి సందర్భంగా జరిగే గిరిప్రదక్షిణలో భక్తులు సుమారు 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచి బయలుదేరిన చోటుకే చేరుకుంటారు. ప్రదక్షిణ పూర్తి కావాలంటే మొదలైన చోటే ముగియాలన్నది అందులోని నియమం. అక్కడ కాలాన్ని కొలవరు. కొలవవలసి వస్తే ఏ పద్ధతిలో కొలవాలో ఆ ఆచారమే చెబుతుంది.

4. మస్తాన్‌బాబు యాత్ర

మస్తాన్‌బాబు విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివారు. రాజమహేంద్రవరం సమీపంలో నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండతో దీనిని గోదావరి జిల్లాల పాఠకులు పొరబడే అవకాశం ఉంది, రెండూ వేరు. 1985 ఎవరెస్టు యాత్రలో మరణించిన సైనికాధికారి ఉదయభాస్కరరావు ఆ పాఠశాల పూర్వవిద్యార్థి. అక్కడ ప్రతిష్ఠించిన ఆయన విగ్రహం మస్తాన్‌బాబుకు తొలి ప్రేరణగా చెబుతారు. ప్రేరణ ఇచ్చిన వ్యక్తి తిరిగి రానివాడు కావడం ఈ కథలో మొదటి నుంచీ ఉన్న అంశం. తరువాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్., సత్యం కంప్యూటర్స్‌లో కొంతకాలం ఉద్యోగం, కలకత్తా ఐఐఎంలో నిర్వహణశాస్త్రం. ఈ చివరి చదువుకూ, 2006 నాటి ప్రణాళికకూ ఉన్న సంబంధం తరువాత చెప్పే తేదీలను బట్టి అవగతమవుతుంది.

ఏడు ఖండాలలోని ఎత్తైన శిఖరాలన్నింటినీ చేరాలన్న లక్ష్యాన్ని 1985 ఏప్రిల్ 30న మొదట పూర్తిచేసినవారు అమెరికాకు చెందిన రిచర్డ్ బాస్. ఆయన జాబితాలో ఆస్ట్రేలియా ఖండానికి 2,228 మీటర్ల కొషియస్కో ఉంది. న్యూగినీ దీవిని కూడా ఆ ఖండంలో చేరిస్తే 4,884 మీటర్ల కార్‌స్టెంజ్ పిరమిడ్ ఎత్తైనదవుతుంది. ఆ జాబితాను 1986లో కెనడాకు చెందిన పాట్రిక్ మోరో పూర్తిచేశారు. మస్తాన్‌బాబు 2006లో చేరినది బాస్ జాబితా ప్రకారం.

2006 జనవరి 19, గురువారం: అంటార్కిటికాలో విన్సన్ మాసిఫ్, 4,892 మీటర్లు. ఫిబ్రవరి 17, శుక్రవారం: అర్జెంటీనాలో అకోంకాగువా, 6,961 మీటర్లు. మార్చి 15, బుధవారం: టాంజానియాలో కిలిమంజారో, 5,895 మీటర్లు. ఏప్రిల్ 1, శనివారం: కొషియస్కో. మే 21, ఆదివారం: ఎవరెస్టు. జూన్ 13, మంగళవారం: రష్యాలో ఎల్బ్రుస్, 5,642 మీటర్లు. జూలై 10, సోమవారం: అలాస్కాలో డెనాలీ, నాటి లెక్క ప్రకారం 6,194 మీటర్లు.

ఏడు శిఖరాలు వారంలోని ఏడు వేర్వేరు రోజులలో పడ్డాయి. ఏ ప్రణాళికా లేకుండా ఏడు తేదీలు పడితే ఏడూ వేర్వేరు వారాలు కావడానికి గణితం ప్రకారం ఉన్న అవకాశం వెయ్యింటికి ఆరు. ఇది సంకల్పమా, యాదృచ్ఛికమా అన్నదానికన్న, పర్వతంపై రోజును ఎంచుకొనే స్వేచ్ఛ ఎంత స్వల్పమో గుర్తుచేసుకోవడం ముఖ్యం. గాలి అనుమతించిన రోజే శిఖరం.

ఈ క్రమాన్ని భూగోళపటంపై గీస్తే అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. అంటార్కిటికా నుంచి దక్షిణ అమెరికాకు, అక్కడి నుంచి ఆఫ్రికాకు, ఆస్ట్రేలియాకు, ఆసియాకు, ఐరోపాకు, ఉత్తర అమెరికాకు. ఋతువుల పటంపై గీస్తే సరళరేఖ. అంటార్కిటికాలో ఆరోహణకు అనువైన కాలం నవంబరు నుంచి జనవరి వరకు. అకోంకాగువాకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కిలిమంజారో ప్రాంతంలో మార్చి ద్వితీయార్ధం నుంచి పెద్ద వానలు మొదలవుతాయి. మార్చి 15 ఆ గడువు అంచు. ఎవరెస్టు శిఖరంపై వీచే తీవ్రమైన గాలులు మే మధ్యలో కొద్దిరోజులు మాత్రమే నెమ్మదిస్తాయి. ఎల్బ్రుస్‌కు వేసవి జూన్‌లో మొదలవుతుంది. డెనాలీకి మే నుంచి జూలై తొలివారాల వరకు. అటుపై మంచుపగుళ్లు తెరుచుకొని దారి ప్రమాదకరమవుతుంది. జూలై 10 అక్కడా అంచే. ఒక్క శిఖరం వద్ద రెండు వారాల తుఫాను వచ్చినా తరువాతి శిఖరానికి తలుపు మూసుకొంటుంది. అప్పుడు నష్టపోయేది రెండు వారాలు కాదు, ఏడాది. ఈ యాత్రలోని అసలు కాఠిన్యం ఇదే. కాళ్ల వేగం దీనిలో చిన్న భాగం.

శిఖరాల మధ్య ఎడాలను లెక్కిస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. విన్సన్ నుంచి అకోంకాగువాకు 29 రోజులు, అక్కడి నుంచి కిలిమంజారోకు 26, కొషియస్కోకు 17, ఎవరెస్టుకు 50, ఎల్బ్రుస్‌కు 23, డెనాలీకి 27, మొత్తం 172. పైకి చూస్తే ఎవరెస్టు వద్దనే ఆలస్యం జరిగింది. ఎవరెస్టు యాత్రకు సాధారణంగా ఆరేడు వారాలు పడుతుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టపు పీడనంలో సగం. ఎవరెస్టు కొనపై మూడింట ఒక వంతు. ఆ గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే పై విడిదికి ఎక్కి, కిందికి దిగి నిద్రించి, మళ్లీ మరికొంత పైకి ఎక్కుతూ వారాలు గడపాలి. రక్తంలో ఎర్రకణాలు పెరగడానికి ఆ వ్యవధి తప్పదు. ఆస్ట్రేలియా నుంచి హిమాలయాలకు ప్రయాణం, సామగ్రి, ఈ ఎక్కిదిగుడు అన్నీ కలిపి 50 రోజులు. అన్నిటికన్న పొడవైన ఎడంలోనే ఆయన అన్నిటికన్న బిగువుగా కదిలారని చెప్పవచ్చు. మరొక మేలు కూడా ఉంది. ఎత్తుకు అలవాటు పడిన స్థితి దిగిన వెంటనే పోదు, కొన్ని వారాలలో క్రమంగా తగ్గుతుంది. ఎవరెస్టు తరువాత 23 రోజులకే ఎల్బ్రుస్ చేరడంలో ఆ నిలవ కొంతైనా ఉపకరించి ఉంటుంది. ఒక శిఖరం మరొక శిఖరానికి పెట్టుబడి అయింది. ఐఐఎం చదువు గుర్తుకు వచ్చేది ఇక్కడే.

5. లెక్కలో చేరేవి, చేరనివి

172 అన్న సంఖ్య విన్సన్ శిఖరం నుంచి డెనాలీ శిఖరం వరకు. కనుక ఇది వేల్స్ పద్ధతి. శిఖరం నుంచి శిఖరానికి లెక్క. ఇందులో విమానప్రయాణాలున్నాయి, వీసాల కోసం ఎదురుచూపులున్నాయి, తుఫానులో గుడారంలో గడిపిన రోజులున్నాయి. విన్సన్ ఎక్కడం మాత్రం ఇందులో లేదు, డెనాలీ దిగడమూ లేదు. అంటార్కిటికాకు చేరడానికి కావలసిన ధనాన్ని సమకూర్చుకొన్న నెలలు ఏ రికార్డులోనూ చేరవు. చదునునేల మీద, సామాన్య కుటుంబంలో పుట్టిన వ్యక్తి విషయంలో ఆ నెలలు, సంవత్సరాలే యాత్రలో పెద్ద భాగమన్న సంగతి మరువరాదు.

దీనికి భిన్నమైన లెక్క కూడా ఉంది. కిలియన్ జోర్నెట్ 2024లో ఆల్ప్స్ పర్వతాలలో 4,000 మీటర్లు దాటిన 82 శిఖరాలను 19 రోజులలో చేరారు. ఒక పర్వతం నుంచి మరొక పర్వతానికి కాలినడకన, సైకిలుపైన మాత్రమే వెళ్లారు. అక్కడ గడియారం కొలిచేది పూర్తిగా దేహశ్రమను. మస్తాన్‌బాబు రికార్డు కొలిచేది దేహశ్రమతో పాటు క్రమయోజనను, ఓర్పును, అదృష్టాన్ని. రెండింటినీ ‘వేగం’ అన్న ఒకే మాటతో పిలవడం సౌలభ్యం కోసం జరిగింది. ‘తక్కువ కాలం’ అనడం రెండవదానికి ఎక్కువ సమంజసం.

172 రోజుల రికార్డు ఎంతకాలం నిలిచిందన్న విషయంలో తెలుగు రచనలు స్పష్టత పాటించడం అవసరం. 2007లో ఐర్లండుకు చెందిన ఇయాన్ మెక్‌కీవర్ 156 రోజులలో ఏడింటినీ పూర్తిచేశారు. ఆ తరువాత పలువురు దానిని తగ్గించారు. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ ప్లెయిన్ కొషియస్కో, కార్‌స్టెంజ్ రెండింటినీ కలిపి 117 రోజులలో ముగించారు. ఆయన చేసిన మార్పు క్రమంలో ఉంది. ఎల్బ్రుస్, డెనాలీలను వాటి అనువైన కాలం కోసం వేచిచూడక గడ్డకట్టే చలిలో ముందే ఎక్కి, ఎవరెస్టును చివరకు ఉంచారు. మస్తాన్‌బాబు ఋతువులను అనుసరించి నడిచారు; ప్లెయిన్ రెండు చోట్ల ఋతువును ధిక్కరించారు. రోజుల తేడాలో అధికభాగం ఈ ఒక్క నిర్ణయం నుంచి వచ్చింది. ‘ప్రపంచరికార్డు’ అని నేటికీ వర్తమానకాలంలో రాయడం వల్ల మస్తాన్‌బాబు గౌరవం పెరగదు. రికార్డు దాటబడింది, తేదీల క్రమం మాత్రం చదవదగిన పాఠంగా మిగిలింది.

ఇక్కడే మరొక విషయం ప్రస్తావించాలి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 సంవత్సరాల 11 నెలల వయసులో ఎవరెస్టును చేరారు; ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతో ఉన్నారు. ఇద్దరూ గురుకుల విద్యార్థులు, భువనగిరి బండపై తొలి శిక్షణ పొందినవారు. పూర్ణ 2022 జూన్‌లో డెనాలీతో ఏడు శిఖరాలనూ పూర్తిచేశారు. ఎవరెస్టు నుంచి లెక్కించినా ఎనిమిది సంవత్సరాలు. ఆ వ్యవధిని ఎవరూ రికార్డుగా చెప్పరు. చదువు సాగిస్తూ, ఆర్థికసహాయం సమకూరినప్పుడల్లా ఒక్కొక్క శిఖరం చొప్పున వెళ్లిన ఆ పద్ధతిలో ప్రతిసారీ ఇంటికి తిరిగి రావడం ఉంది.

6. ట్రెస్ క్రూసెస్

2006 తరువాత మస్తాన్‌బాబు ఆండీస్ పర్వతాలకు పదేపదే వెళ్లారు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులో అటకామా ఎడారి అంచున ఉన్న ట్రెస్ క్రూసెస్ అగ్నిపర్వత సముదాయంలో మూడు శిఖరాలున్నాయి. వాటిలో ఎత్తైన దక్షిణశిఖరం 6,748 మీటర్లు. పేరుకు అర్థం ‘మూడు శిలువలు’. అక్కడ మంచుకన్న గాలి, చలి ఎక్కువ శత్రువులు. ఎవరెస్టు దారిలో ఉండే షెర్పాలు, కట్టి ఉంచిన తాళ్లు, వరుసగా సాగే ఇతర జట్లు ఆ ప్రాంతంలో ఉండవు. ఒంటరిగా ఎక్కేవానికి సాక్షి కూడా ఉండడు. బాబ్ గ్రాహమ్ దారిని పూర్తిచేశానని చెప్పుకొనేవారు ప్రతి కొండపైనా తోడు ఉన్నట్లు చూపాలన్న నియమాన్ని అక్కడి క్లబ్బు పాటిస్తుంది. ఆ నియమం మోసాన్ని నివారించడానికే అనిపిస్తుంది. తోడువాడు దారి చూపుతాడు, తిండి మోస్తాడు, వెనుదిరగవలసిన వేళ చెబుతాడు. సాక్ష్యం అతని పనులలో చివరిది.

2015 మార్చి 24 తరువాత మస్తాన్‌బాబు నుంచి సమాచారం అందలేదు. అప్పుడు ఆయన ఒంటరిగా ఉన్నారు. ఉభయదేశాల సహకారంతో హెలికాప్టర్లతోను, కాలినడకనూ గాలింపు సాగింది. ఏప్రిల్ తొలివారంలో ఆయన భౌతికకాయం కనిపించింది. వయసు 40 సంవత్సరాలు. కొండపై నుంచి దించడానికి, రెండు ఖండాలు దాటించడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఏప్రిల్ నెలాఖరులో గాంధీజనసంఘంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

విన్సన్ శిఖరంపై మొదలై డెనాలీ శిఖరంపై ఆగిన గడియారం ఈ మూడు వారాలను కొలవదు. ఊరి నుంచి ఊరికి లెక్కించే పద్ధతిలో అయితే ఆ యాత్ర పెన్నా ఒడ్డున మొదలై, పెన్నా ఒడ్డున ముగిసింది.